డయాలిసిస్ మీద అజ్మీర్ సఫర్

డయాలిసిస్ మరీజ్ ఉన్న ఇంట్లో వారానికి మూడు రోజులు ముందే ఖర్చయిపోయి ఉంటాయి. మా ఆపాకు సోమ, బుధ, శుక్ర వారాలు. పొద్దున ఆరింటికి జడ్చర్లలో బస్సెక్కి మహబూబ్‌నగర్ సర్కారు దవాఖానకు పోతుంది. నాలుగు గంటలు మిషన్ మీద, ఆ పైన ఒక గంట సూదులు గుచ్చిన చోట రక్తం ఆగేదాకా. ఇంటికొచ్చి పడుకుంటే అసర్ నమాజ్‌కు లేస్తుంది. పెళ్లి పిలుపులైనా, మౌత్ ఖబరైనా ఈ లెక్కలో ఇమడాలి. ఆరోగ్యశ్రీ ఉండబట్టి డయాలిసిస్‌కు పైసా కట్టడం లేదు. 2007 ఏప్రిల్‌లో ఆ పథకం మొదట పెట్టిన మూడు జిల్లాల్లో మన పాలమూరు ఒకటి. ఆడవాళ్లకు బస్సు ఫ్రీ అయినప్పటి నుంచి చార్జీల ఫికర్ కూడా పోయింది. అంతకుముందు బస్సు పైసలకు వెనకాడి వారానికి రెండుసార్లే వచ్చే ఆడవాళ్లు ఆ వార్డులో ఉండేవాళ్లని ఆపా చెప్పేది. వాళ్ల సంగతి ఏమైందని నేను అడగలేదు, తనూ చెప్పలేదు.

ఆపాకు ఒక పాత మన్నత్ ఉంది. పెళ్లయిన పదకొండేళ్లకు కొడుకు పుట్టాడు. వాడు కడుపులో ఉన్నప్పుడే, బిడ్డ సలామత్‌గా దక్కితే అజ్మీర్ వచ్చి ఖ్వాజా గరీబ్ నవాజ్ దర్బార్‌లో చాదర్ వేస్తానని అనుకుంది. బిడ్డ దక్కాడు. పైసల్లేక ఒక ఏడు, దూల్హాభాయి దుకాణం నష్టాల్లో పడి ఒక ఏడు, అమ్మీ మంచాన పడి రెండేళ్లు. అట్లా వాయిదాలు పడుతూ వాడికి ఇరవై రెండేళ్లొచ్చాయి. ఈలోపు షుగరు, బీపీ కలిసి ఆపా గుర్దాలు తినేశాయి. మా నల్లగొండ జిల్లా వాళ్లం గనక ఎవరికి గుర్దాలు పోయినా ముందు ఫ్లోరైడ్ నీళ్లనే తిట్టుకుంటాం. డాక్టరు మాత్రం షుగరు, బీపీల పేర్లే చెప్పాడు.

పోయిన ఏడాది నవంబర్‌లో ఆపా ఫోన్ చేసి ఒక్క మాటే అడిగింది. "అజ్మీర్ జా సక్తే క్యా రే, యే హాలత్ మే?"

ఇంట్లో తలో మాట. భాంజా వద్దే వద్దన్నాడు. తన కోసం మొక్కిన మొక్కు తీర్చబోయి అమ్మీకి ఏమన్నా అయితే ఆ బోఝా జిందగీ అంతా మోయాల్సింది తనే అన్నాడు. వాడన్నది గలత్ కాదు. మా భాయిజాన్ జమాత్‌లో తిరిగే మనిషి. దర్గాకు పోతానన్న మన్నత్‌ను పట్టుకొని జాన్ మీదికి తెచ్చుకోవద్దు, ఆ పైసలతో నలుగురు గరీబులకు అన్నం పెట్టు అన్నాడు. దాని మీద ఆపా గొంతు పెంచలేదు. "నేను మొక్కింది అల్లాకే. వస్తానని జబాన్ ఇచ్చింది మాత్రం అక్కడికి" అంది. ముస్లిం ఇళ్లల్లో ఈ బహస్ కొత్తది కాదు, ఇక్కడ తేల్చేదీ కాదు. దూల్హాభాయి ఎప్పటిలాగే ఖామోష్. అందరూ అయ్యాక నన్ను పక్కకు పిలిచి, "హజ్‌కు పంపుదామని పైసలు జమ చేసిన. డయాలిసిస్ మీద ఉన్నోళ్లకు ఇజాజత్ లేదంట. ఇదన్న చూపిద్దాం" అన్నాడు. హజ్ ఆరోగ్య నిబంధనల్లో ఆ తలుపు నిజంగానే మూసుకుంది. నేను నడుం కట్టింది ఆ మాటకే.

ముందు డాక్టరు. వద్దంటాడేమోనని భయపడుతూ పోయాం. ఆయన ఆపా ఆర్నెల్ల రికార్డు తిరగేశాడు. బీపీ మిషన్ మీద పడిపోవడం లేదు, పొటాషియం హద్దులో ఉంది, రెండు సెషన్ల మధ్య బరువు రెండున్నర కిలోలు దాటడం లేదు. "ఒక్క సెషన్ కూడా తప్పనని మాటిస్తే వెళ్లొచ్చు" అన్నాడు. ఇంకొక మాట కూడా చెప్పాడు, అదే మా ప్లాన్ మొత్తానికి మూలమైంది. శుక్రవారం చేయించుకుంటే మళ్లీ సోమవారం దాకా ఉండే పెద్ద గ్యాప్‌లో రైలెక్కొద్దని. ఆ గ్యాప్ చివర్లోనే ఒంట్లో నీరు, పొటాషియం ఎక్కువ పేరుకుంటాయి. అమెరికాలో 32 వేల మందికి పైగా డయాలిసిస్ పేషెంట్ల రికార్డులు చూసి 2011లో అచ్చువేసిన పరిశోధన ఒకటుంది. మరణాలు, గుండె సమస్యతో దవాఖానలో చేరడాలు మిగతా రోజులకన్నా ఆ రెండు రోజుల గ్యాప్ తర్వాతి రోజునే ఎక్కువని తేలింది. ఇంట్లో ఉంటే దవాఖాన గంట దూరం. రైల్లో ఉంటే అది ఏ రాష్ట్రంలో ఉందో తెలీదు.

మా నానా కాలంలో అజ్మీర్ పోయేవాళ్లు కాచిగూడలో మీనాక్షి ఎక్స్‌ప్రెస్ ఎక్కేవాళ్లు. మీటర్ గేజ్ బండి, బొగ్గు పొగ, సత్తు పిండి డబ్బా, సఫర్ ఎన్ని రోజులని ఎవరూ అడిగేవాళ్లు కాదు. ఇప్పుడు పెద్ద లైను మీద ఒకటిన్నర రోజు. నిజామాబాద్, నాందేడ్, అకోలా, ఖండ్వా, భోపాల్, ఉజ్జయిని, రత్లాం, చిత్తోడ్‌గఢ్ మీదుగా. బండి వారంలో కొన్ని రోజులే దొరుకుతుంది. కాగితం మీద గీతలు గీసుకుంటూ కూచుంటే ఒక దారి దొరికింది. బుధవారం పొద్దున మహబూబ్‌నగర్‌లో డయాలిసిస్, రాత్రి హైదరాబాద్‌లో రైలు, గురువారం అంతా సఫర్, శుక్రవారం ఫజర్‌కు అజ్మీర్, ఆ మధ్యాహ్నమే అక్కడ డయాలిసిస్. శని, ఆదివారాలు ఆ పెద్ద గ్యాప్, కానీ ఊరి మీదే ఉంటాం. సోమవారం డయాలిసిస్. బుధవారం పొద్దున మూడోది చేయించుకొని సాయంత్రం తిరుగు బండి. శుక్రవారం మళ్లీ మహబూబ్‌నగర్ మిషన్ మీద. ఆపా వారం ఎక్కడా చెదరలేదు, ఊరు మాత్రమే మారింది.

ఉర్సు రోజుల్లో వద్దనుకున్నాం. రజబ్ మొదటి ఆరు రోజులు అజ్మీర్‌లో కాలు మోపే జాగా ఉండదు. ఫిస్టులా ఉన్న చేత్తో ఆ రష్‌లోకి పోవడం అంటే చూస్తూ చూస్తూ పోవడమే. ఎండలు ముదిరితే దాహం, రంజాన్ వస్తే ఇల్లు కదలదు. మిగిలింది ఫిబ్రవరి నడుమ. తారీఖు 12 అని చెప్పగానే ఆపా వేళ్ల మీద లెక్కేసింది. "అయితే గురువారం రాత్రి షబే బరాత్. రైల్లో" అంది. మార్చమంటుందేమో అనుకున్నా. "అదే ఉండనీ" అంది.

ఇప్పుడు రిజర్వేషన్ అరవై రోజుల ముందే మొదలవుతుంది. ఇదివరకు నూటఇరవై రోజులుండేది, 2024 నవంబర్ నుంచి తగ్గించారు. డిసెంబర్ నడుమ టికెట్ల కోసం కూచున్నప్పుడు స్టేషన్ దగ్గర ఒక జాన్‌పహచాన్ మనిషి సలహా ఇచ్చాడు. కిడ్నీ పేషెంట్లకు రైల్వేలో రాయితీ ఉంది కదా, వాడుకో అన్నాడు. ఉంది, చాలామందికి తెలీదు కూడా. డయాలిసిస్‌కో, గుర్దా మార్పిడికో పోయే పేషెంట్‌కు స్లీపర్‌లో, థర్డ్ ఏసీలో నూటికి 75 తగ్గిస్తారు, సెకండ్ ఏసీలో, ఫస్ట్ ఏసీలో 50. తోడు పోయే ఒక మనిషికీ అంతే. 2020లో సీనియర్ సిటిజన్ల రాయితీ ఆపేసినా పేషెంట్లది ఆపలేదు. రైల్వే నమూనాలో దవాఖాన వాళ్ల సర్టిఫికెట్ పట్టుకొని కౌంటర్‌లో తీసుకోవాలి. అజ్మీర్‌లో కూడా డయాలిసిస్ చేయించుకుంటున్నాం కదా, రాయించుకుంటే తప్పేముంది అని ఆ మనిషి వాదన. ఆపాకు చెప్పాను. ఫోన్‌లోనే కస్సుమంది. "నక్కో రే. జియారత్ కో జాతే వఖ్త్ ఝూట్ కా టికెట్?" ఆ రాయితీ ఇలాజ్ కోసం పోయేవాళ్ల హక్కు. తను పోతున్నది జియారత్‌కు. ఆ మాట మీద పూర్తి పైసలే కట్టాం. మీ ఇంట్లో ఎవరన్నా ఇలాజ్ కోసం హైదరాబాద్‌కో, వేలూరుకో పోతుంటే మాత్రం ఆ కాగితం తప్పకుండా అడిగి తీసుకోండి.

అన్నిటికన్నా కష్టమైంది అజ్మీర్‌లో మిషన్ దొరకబట్టడం. మన ఆరోగ్యశ్రీ కార్డు పట్టుకొని అక్కడ నిలబడితే నడవదు. కేంద్రం 2016–17 బడ్జెట్‌లో నేషనల్ డయాలిసిస్ ప్రోగ్రామ్ ప్రకటించింది. దాని పోర్టల్‌లో పేరెక్కిన పేషెంట్ ఏ రాష్ట్రంలోనైనా డయాలిసిస్ చేయించుకునేట్టు చేయడమే ఉద్దేశమని చెబుతున్నారు. ఉద్దేశం బాగుంది. కానీ మాకు కావాల్సింది ఫలానా శుక్రవారం ఫలానా గంటకు ఖాళీగా ఉండే మిషన్, అది కూడా రెండు నెలల ముందు మాటిచ్చి. అందుకని ప్రైవేటు సెంటర్లకే ఫోన్లు కొట్టాను. ఒక చోట సరేనన్నారు, వారం తర్వాత అడిగితే బయటి పేషెంట్లను తీసుకోమన్నారు. ఇంకొక చోట మూడు సెషన్ల పైసలు ముందే పంపమన్నారు. మూడో చోట ఫోనెత్తిన టెక్నీషియన్ రేటు చెప్పకముందే, "హెపటైటిస్ రిపోర్టులు ఉన్నాయా, ఎన్ని రోజులవి?" అని అడిగాడు. వీళ్లకు పని తెలుసు అనిపించింది. హెపటైటిస్ ఉన్నవాళ్లకు మిషన్ వేరుగా పెట్టే జాగ్రత్త లేని చోటికి మనిషిని పంపకూడదు. ఒక సెషన్‌కు రెండు వేల రెండొందలు అన్నారు. నెల లోపు చేయించిన హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవి రిపోర్టులు, మన డాక్టరు ఉత్తరం వాట్సాప్‌లో పంపితే స్లాట్ రాసుకున్నారు. శుక్రవారం పొద్దుటి స్లాట్ ఇస్తానంటే నేనే మధ్యాహ్నం అడిగాను. అంత దూరం నుంచి వచ్చే బండి మీద ఫజర్ అని రాసుంటే జుహర్ అనుకోవడమే మేలు.

మహబూబ్‌నగర్ వార్డులో సిస్టర్ ఒక పేజీ కాగితం తయారు చేసిచ్చింది. ఈ పేజీ గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే తెలియని ఊళ్లో మరీజ్ జబాన్ అదే. ఒంట్లో అదనపు నీరంతా తీసేశాక ఉండాల్సిన బరువు, దాన్ని డ్రై వెయిట్ అంటారు. ఏ రకం ఫిల్టరు, రక్తం ఎంత వేగంతో తిప్పుతున్నారు, హెపారిన్ ఎంత ఇస్తున్నారు, ఫిస్టులా ఏ చేతికి, ఏ మందులు పడవు, మిషన్ మీద బీపీ ఎట్లుంటుంది, చివరి మూడు సెషన్ల లెక్కలు. నాలుగు కాపీలు తీశాను. ఒకటి ఆపా బుర్ఖా జేబులో, ఒకటి నా దగ్గర, ఒకటి భాంజా దగ్గర, ఒకటి సూట్‌కేసులో. ఆ పేజీ వెనక ఉర్దూలో కూడా రాశాను, ఆపా చదువుకోవడానికి. ఇంగ్లీషు ముక్క ఆమెకు రాదు. మూడేళ్లుగా తన ఒంటి గురించి నడుస్తున్న లెక్కంతా పరాయి జబాన్‌లో ఉంది. చదివి, "నా డ్రై వెయిట్ యాభై రెండా? ఎవరూ చెప్పలేదే" అంది. చెప్పే ఉంటారు. ఆమెకు వినపడే భాషలో కాదు.

ఇంక నీళ్లు. ఆపాకు రోజుకు ముప్పావు లీటరే ఇజాజత్, చాయ్, పులుసు, మందు మింగే గుక్క అన్నీ కలిపి. పావు లీటరు సీసాలు మూడు కొని, ప్రతి పొద్దున నింపేట్టు పెట్టుకున్నాం. రైల్లో అన్నం, పచ్చళ్లు, మిక్చరు అన్నీ ఉప్పే. ఉప్పు తింటే దాహం, దాహమైతే నీళ్లు, నీళ్లయితే ఊపిరి. అందుకని ఉప్పు లేని జొన్న రొట్టెలు, ముక్కలు ఉడకబెట్టి ఆ నీళ్లు పారబోసి వండిన సొరకాయ కూర, తెల్లన్నం. కూరగాయలు అట్లా ఉడకబెట్టి పారబోస్తే పొటాషియం కొంత పోతుంది. అరటిపండు, కొబ్బరినీళ్లు, నారింజ రసం, ఖజూర్ బంద్. సఫర్ అనగానే మన చుట్టాలు తెచ్చిచ్చేవి సరిగ్గా అవే. ఒక ఖాలా అర కిలో ఖజూర్, బాదం, కిస్మిస్ కలిపి డబ్బా తెచ్చింది. ఆపా నవ్వుతూ తీసుకొని దువా చేసి, ఆమె పోగానే నా సంచిలో పెట్టింది.

బెర్తుల గురించి కూడా ఆలోచించాలని నాకు ఆ వార్డులోనే తెలిసింది. ఆపా ఫిస్టులా ఎడమ చేతికి. ఆ చేతి మీద బరువు పడకూడదు, దాని మీద పడుకోకూడదు, బీపీ పట్టీ కట్టకూడదు. కింది బెర్తులో ఎడమ చెయ్యి గోడవైపు వచ్చేట్టు తల పెట్టుకోవాలి. లేకుంటే రాత్రి ఎవరో లాగే పెట్టె అంచు సీదా దానికే తగులుతుంది. పొద్దున లేవగానే ఆ చోట వేళ్లు పెట్టి ఝన్‌ఝన్‌మనే అదురు ఉందో లేదో చూసుకోవాలి. అదురు లేకపోతే ఆ రోజే దవాఖాన. ఆపా దీన్ని తస్బీహ్‌లాగా చేస్తుంది, బిస్మిల్లా అని వేళ్లు పెట్టి, అల్హందులిల్లా అని తీస్తుంది.

బుధవారం రాత్రి బండెక్కాం. ఆపా, దూల్హాభాయి, భాంజా, నేను. వద్దన్న భాంజానే చివరికి సామానంతా మోశాడు. గురువారం పగలు బాగా గడిచింది. ముసాఫిర్ నమాజ్ కనక ఖసర్, సీట్లోనే కూచొని చదువుకుంది. ఇటార్సీ దాటాక ఎదురు బెర్తులో ఒక జైన్ కుటుంబం ఆపాతో మాట కలిపింది. వాళ్ల పెద్దావిడ తన ఫ్లాస్కులోంచి చాయ్ పోసిచ్చింది. పెద్ద గ్లాసు. కాదనలేక తాగిందో, తాగాలనిపించి తాగిందో నేను అడగలేదు. మూడేళ్లుగా గుటకలు లెక్కపెట్టుకొని బతికే మనిషిని ఒక గ్లాసు చాయ్ గురించి నిలదీసే హిమ్మత్ నాకు లేదు.

రాత్రి తొమ్మిదిన్నరకు పడుకోబోతే ఊపిరి ఆడలేదు. లేచి కూచుంది. కూచుంటే కాస్త నయం, వెనక్కి వాలితే మళ్లీ అదే. భాంజా మొహం తెల్లబోయింది. 139కి ఫోన్ చేస్తే ముందు స్టేషన్‌లో డాక్టరు వస్తాడు, రత్లాంలో దిగిపోదాం అన్నాడు. నేను మహబూబ్‌నగర్ వార్డు టెక్నీషియన్‌కు ఫోన్ కలిపాను. ఆ వేళప్పుడు ఎత్తాడు, అల్లా అతన్ని సలామత్‌గా ఉంచాలి. అతనడిగినవి నాకు ఇప్పటికీ వరుసగా గుర్తున్నాయి. కూచుంటే తగ్గుతోందా? ఒక పూర్తి మాట ఆయాసం లేకుండా చెప్పగలుగుతోందా? గుండె దగ్గర నొప్పి, దడ ఉందా? కాళ్లు, చేతులు బలం పోయినట్టున్నాయా? పెదవులు నీలంగా ఉన్నాయా? మొదటి రెండిటికి ఔను, మిగతా వాటికి లేదు అని చెప్పాను. తల వైపు ఎత్తుగా పెట్టి కూచోబెట్టు, ఇక చుక్క నీళ్లు వద్దు, అరగంటకోసారి ఇవే అడుగు, ఒక్కదానికి జవాబు మారినా ఆలోచించకుండా దిగిపో అన్నాడు. భాంజా ఫోన్‌లో రత్లాం దవాఖానల దారులు తెరిచి పెట్టుకున్నాడు.

బండి రత్లాంలో ఆగింది. తలుపు దగ్గర సంచి భుజానేసుకొని వాడు నిలబడ్డాడు. దిగుదామా అని ఆపాను అడిగాను, జవాబు ఆయాసం లేకుండా వస్తుందో లేదో చూడడానికి కూడా. ఆపా కిటికీకి ఆనుకొని కూచునుంది, చేతిలో యాసీన్ షరీఫ్. తలెత్తి, "ఉత్రే తో ఫిర్ కబ్ చడ్‌తే?" అంది. దిగితే మళ్లీ ఎక్కేదెప్పుడు. మాట తెగకుండా వచ్చింది. వాడి వైపు తిరిగి, "నువ్వు పుట్టినప్పుడు కూడా ఇట్లనే ఊపిరాడలే బేటా. వచ్చినవ్ కదా" అంది. వాడు సంచి దించాడు. ఏడుస్తున్నాడని బోగీలో అందరికీ తెలుస్తోంది.

షబే బరాత్ రాత్రి మన ఇళ్లల్లో ఎవరూ పడుకోరు. అమ్మీ చెప్పేది, ఆ రాత్రి రాబోయే ఏడాదికి ఎవరి రిజ్ఖ్ ఎంత, ఎవరి జిందగీ ఎంత రాసిపెడతారని. నల్లగొండలో ఉంటే అబ్బా ఖబర్ దగ్గర ఫాతిహా చదివి లతీఫ్ సాహెబ్ గుట్ట వైపు ఒకసారి చూసి ఇంటికొచ్చేవాణ్ని. ఆ రాత్రి మాళ్వా చీకట్లో అరగంటకోసారి అక్కను అవే అయిదు ప్రశ్నలు అడుగుతూ కూచున్నా. మూడోసారికి తనే విసుక్కొని నేను నోరు తెరవకముందే వరుసగా జవాబులు చెప్పేసింది. చిత్తోడ్‌గఢ్ వచ్చేసరికి కాస్త తగ్గి, కూచునే కునుకు తీసింది. ఆ జైన్ పెద్దావిడ పడుకోలేదు. తన దిండు తెచ్చి ఆపా వెనక పెట్టి, చాయ్ ఇచ్చినందుకేనా అని మెల్లగా నన్నడిగింది. కాదని చెప్పాను.

శుక్రవారం అజ్మీర్‌లో దిగగానే ఆపా దర్గాకు పోదామనలేదు, మేమూ అనలేదు. ముందు మిషన్. అక్కడి తూకంలో డ్రై వెయిట్ మీద మూడు కిలోల చిల్లర ఎక్కువుంది. టెక్నీషియన్ ఆ పేజీ చదివి, ఒకేసారి అంతా తీస్తే బీపీ పడుతుందని మెల్లగా తీశాడు. మిషన్ తిరగడం మొదలయ్యాక గంటన్నరకు ఆపా వెనక్కి వాలి పడుకుంది. అంతసేపూ భాంజా ఆమె కాళ్ల దగ్గర నిలబడే ఉన్నాడు.

జియారత్ శనివారం అసర్ తర్వాత. దర్గా పెద్ద దర్వాజా మన ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ కట్టించింది, ఇప్పటికీ నిజాం గేటనే అంటారు. దాని కింద నిలబడి ఆపా ఒక్కసారి పైకి చూసి, "మన హైదరాబాద్ గేటే" అంది, పుట్టింటి తలుపు చూసినట్టు. లోపల అక్బర్ ఇచ్చిన పెద్ద దేగ్, జహంగీర్ ఇచ్చిన చిన్న దేగ్. వాటిలో వండే తబర్రుక్‌లో నెయ్యి, చక్కెర, మేవా. ఆపా షుగరుకూ, గుర్దాలకూ రెండిటికీ పర్హేజ్. ఒక చెంచా నాలుక మీద పెట్టుకొని మిగతాది కొడుక్కు ఇచ్చింది. చాదర్ పట్టుకునేటప్పుడు రష్‌లో ఎడమ చెయ్యికి ఎవరూ తగలకుండా దూల్హాభాయి తన రెండు చేతులు అడ్డం పెట్టి నడిచాడు. పెళ్లయి ముప్పై మూడేళ్లు. ఆయన నలుగురిలో ఆపాను అట్లా పట్టుకొని నడవడం నేను చూడలేదు. లోపల ఆమె ఏం అడిగిందో తెలీదు. బయటికొచ్చి మెట్ల మీద కూచొని, మూడో సీసాలో మిగిలిన నాలుగు గుటకలూ తాగేసింది.

తిరుగు సఫర్‌లో చెప్పడానికి ఏమీ లేదు, షుకర్. ఈసారి గ్లాసు కూడా మాదే తీసుకుపోయాం, చిన్నది.

శుక్రవారం మహబూబ్‌నగర్ వార్డులో తూకం వేస్తే రెండు కిలోల నాలుగొందల గ్రాములు ఎక్కువుంది, ఎప్పటి లెక్కే. సిస్టర్ భుజం తట్టింది. ఆపా మంచం మంచానికీ తబర్రుక్ చిటికెడు చిటికెడు పంచి, షుగరున్న వాళ్లను ముందే హెచ్చరించింది. పక్క బెడ్డు మీద దేవరకద్ర నుంచి వచ్చే ఒక పెద్దమనిషి ఉంటాడు, నాలుగేళ్లుగా ఊరు దాటలేదు. చిటికెడు కళ్లకద్దుకొని నోట్లో వేసుకొని నన్ను పిలిచాడు. "సాబ్, తిరుపతికి గూడ ఇట్లనే పోవొస్తదా?" అన్నాడు. పోవచ్చన్నాను. అజ్మీర్ కన్నా శానా సులువు, వెంకటాద్రి మహబూబ్‌నగర్ మీదుగానే పోతుంది. బుధవారం పొద్దున ఇక్కడ చేయించుకొని రాత్రి ఎక్కితే తెల్లారి తిరుపతి, గురువారం దర్శనం, ఆ రాత్రే తిరిగి ఎక్కితే శుక్రవారం మళ్లీ ఇదే మంచం. అక్కడ మిషన్ వెతికే పని కూడా లేదు. కానీ ముందు డాక్టరును అడగాలి, దర్శనం ఆలస్యమై బండి తప్పితే ఏం చేయాలో అది కూడా ముందే చూసుకోవాలి, గుట్ట మీద ఎన్నిసార్లు దాహమైనా సీసా లెక్క దాటొద్దు అని చెప్పాను. ఆయన కొడుకు ఫోన్ తీసి రాసుకుంటున్నాడు.

"ఫిస్టులా ఏ చెయ్యికి?" అని అడిగాను.

దుప్పటి కిందనుంచి కుడి చెయ్యి తీసి చూపించాడు. మా లెక్క అంతా ఎడమ చెయ్యిది. సిస్టర్ దగ్గర పెన్ను అడిగి తీసుకొని, బెర్తు బొమ్మ మళ్లీ గీసి, తల ఎటు పెట్టాలో బాణం గుర్తు వేసిచ్చాను.